ఇస్త్రీ హాలులో మూడో పరీక్ష

మా బావకు శబ్దం వినపడుతుంది, మాట తెలియదు. ఈ సంగతి ముందు చెప్పకుండా ఆయన కథ చెప్పడం నాకు చేతకాదు. వంటింట్లో గిన్నె పడితే తిరిగి చూస్తాడు. తలుపు కొడితే లేచి వెళ్తాడు. వెనక నుంచి ఎవరైనా పలకరిస్తే మాత్రం, ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది గాని ఏమన్నారో తెలియదు. గోడ అవతల పక్కింటివాళ్ళు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుందట ఆయనకు. ఎవరిదో గొంతు, ఏదో విషయం, అంతే.

అలాంటి మనిషి వృత్తి ఏమిటంటే, పెద్ద పెద్ద భవనాల్లో మంటలు లేచినప్పుడు మనుషులకు మాటలతో దారి చెప్పే స్పీకర్లు బిగించడం.

పడుచు వయసులో ఆయన మైకుసెట్టు నడిపేవాడు. ఇనుప గొట్టం స్పీకర్లు స్తంభాలకు కట్టి, ఎక్కడ తీగ వదులైందో చూడడానికి గొట్టంలో తలపెట్టి వినేవాడు. ఆ వయసులో చెవులు కూడా అరుగుతాయని ఎవరికి తోస్తుంది? 'మైకన్న' అన్న పేరు అప్పుడు వచ్చిందే. మైకుసెట్ల కాలం వెళ్ళిపోయాక ఒక కంపెనీలో చేరాడు. అక్కడ నేర్చుకున్నదే ఈ వాయిస్ అలారం పని. పేరు మాత్రం ఆయన వెంటే వచ్చింది.

ఆయన పని చూసి తీరాలి. ఎర్ర తీగ లాగుతాడు, మంటలో కూడా చాలాసేపు తెగకుండా నిలిచే తీగ అది. దాన్ని గోడకు పట్టి ఉంచడానికి ఉక్కు క్లిప్పులే వాడతాడు. ప్లాస్టిక్ క్లిప్పులు వేడికి కరిగిపోతే తీగలు ఊడి వేలాడతాయి, పొగలో పాకుతూ వచ్చేవాళ్ళ మెడలకు చుట్టుకుంటాయి అని చెప్పేవాడు. ఒక్కో హాలుకు రెండు లైన్లు లాగి, స్పీకర్లను ఒకటి విడిచి ఒకటి వాటికి కలుపుతాడు. ఒక లైను కాలిపోయినా రెండోది మాట్లాడుతూ ఉండాలి కదా. స్పీకరు లోపల తీగ ముడిని పింగాణీ ముక్కలో బిగించి, చిన్నపిల్లల చొక్కా బొత్తాం పెట్టినంత నెమ్మదిగా మూత పెడతాడు.

"ఇంత కష్టం దేనికి బావా, ఒక గంట తగిలిస్తే పోలా?" అని నేనొకసారి అడిగాను.

"నీలాంటివాడి కోసమేరా బావమరిదీ. గంట కొడితే నువ్వు భోజనాల గంట అనుకుని పళ్ళెం పట్టుకుని వస్తావు." కాసేపు నవ్వి, తర్వాత మామూలు గొంతుతో అన్నాడు. "గంటకు మనిషి ఉలిక్కిపడతాడు, అంతే. ఎటు పోవాలో గంట చెప్పదు. మాట చెబుతుంది."

ఒక భవనం పని పూర్తయ్యాక ఆయన చేసే చివరి పని ఎవరికీ కనపడదు. స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె తలుపు మూసి, దాని మీద అరచెయ్యి ఆనించి, "దేవుడా, దీనికి నోరు విప్పే అవసరం రానీయకు" అనుకుంటాడు. తాను కట్టినది ఎన్నడూ వాడకంలోకి రాకూడదని మొక్కుకునే పనివాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

ఇంట్లో ఆయన చెవి సంగతి మా అక్క ఒక్కతే మోసింది. మాట్లాడాలంటే ముందు లైటు వేసేది. మోచెయ్యి తాకి, ఎదురుగా వచ్చి, తన మొహం వెలుతురు వైపు తిప్పుకుని అప్పుడు నోరు విప్పేది. ఎవరైనా ఇంటికొస్తే ఆమె పద్ధతి చూడముచ్చటగా ఉండేది. వచ్చినవాళ్ళ మాటను తన మాటలో కలిపేసి ఆయనకు అందించేది. "ఏవండీ, అన్నయ్యగారికి కొత్త పని ఎక్కడో తెలియదట, మీరు చెప్పనే లేదా?" అనేది. బావ జవాబు చెప్పేవాడు. వచ్చినాయన ఏమీ గమనించకుండానే టీ తాగి వెళ్ళిపోయేవాడు. కట్టుకున్నవాడి పరువు కాపాడడానికి ఇన్నేళ్ళుగా ప్రతి మాటనూ రెండుసార్లు మోసిన మనిషి మా అక్క. దేవుడు చూస్తూనే ఉండి ఉంటాడు.

"కంపెనీలో చెప్పెయ్యండి" అని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆ చెవి అలాంటిది కాబట్టి ఆ ఇల్లు నిలవలేదు.

"చెప్పి? మాటల పనికి మాటలు వినపడనివాణ్ణి ఎవరు పెట్టుకుంటారే? గుడ్డివాడి చేత గోడకు రంగులు ఎంపిక చేయించినట్టుంటుంది. ఇదొక్కటే వచ్చు నాకు."

ఈ పనిలో చివరి ఘట్టం పరీక్ష. పెట్టె దగ్గర ఒకరు మీట నొక్కుతారు. స్పీకర్లు రికార్డు చేసిన మాటలు చెబుతాయి. బావ గదిగదికీ వెళ్ళి నిలబడి, ప్రతి మాటా స్పష్టంగా తెలుస్తోందని తేల్చాలి. చెవులు మందగించాక ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. మాట ఆగగానే అక్కడ పనిచేసేవాళ్ళలో ఒకరి దగ్గరికి వెళ్ళి "ఏం చెప్పింది?" అని అడిగేవాడు. వాళ్ళు చెబుతుంటే పెదాలు చూసి తెలుసుకునేవాడు. వాళ్ళు సరిగ్గా తిరిగి చెప్పారంటే స్పీకరు సరిగ్గా చెప్పినట్టే. ఇది చూసి కంపెనీ ఇంజనీరమ్మ ఎంతో మెచ్చుకుంది.

"మీ పద్ధతే బాగుంది మైకన్నా. రేపు ఇక్కడ ఉండేది వాళ్ళ చెవులు గాని మన చెవులు కాదు కదా."

ఆ మెప్పు ఆయనకు ముల్లులా గుచ్చుకునేదని మా అక్కకు మాత్రమే తెలుసు.

అలా ఉండగా ఒక బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని వచ్చింది. అడుగున గుడ్డ తానులు నిలవచేసే గోదాము. దాని పైన రెండు అంతస్తుల్లో కుట్టు మిషన్లు. అన్నిటికన్నా పైన, రేకుల కప్పు కింద, ఇస్త్రీ హాలు. రోజూ అందరూ ఎక్కి దిగేది ముందు మెట్లే, అవి గోదాము తలుపు పక్కన దిగుతాయి. భవనం వెనక గోడకు ఆనించి ఇనప మెట్లు ఇంకో దారిగా ఉన్నాయి. తాళం వెయ్యరు, కాని గేటుకు దూరమని వాటి మొహం చూసేవాళ్ళు లేరు. నిప్పు పుడితే గోదాములోనే పుడుతుంది, అప్పుడు ముందు మెట్లు పొగగొట్టం అవుతాయి అని ఇంజనీరమ్మ అందుకు తగ్గ మాటలు రికార్డు చేయించింది. "అందరూ వినండి. భవనంలో మంటలు. పని ఆపండి. ముందు మెట్ల వైపు వెళ్ళకండి. వెనక మెట్ల మీదుగా కిందికి దిగండి." మనుషులను ఒకసారి ఆ దారిన దింపి అలవాటు చేయమని కూడా చెప్పింది. పెద్ద ఆర్డరు వెళ్ళాక చేద్దాం అన్నారు ఫ్యాక్టరీవాళ్ళు.

కుట్టు మిషన్ల హాళ్ళలో పరీక్ష నవ్వులతో గడిచింది.

"ఏం చెప్పిందమ్మా?" అన్నాడు బావ.

"ముందు మెట్లు వద్దట, వెనక మెట్లట. పని ఆపమంది కూడా. మళ్ళీ వేయించన్నా, ఇంకోసారి ఆపుతాం!"

"నాకు మా అత్తగారు పిలిచినట్టుందన్నా," అని ఇంకొకామె. "నిప్పు లేకపోయినా పరిగెత్తుతాను."

మూల మిషను దగ్గరున్న ముసలాయన వేలు ఎత్తి వెనక తలుపు చూపించాడు, మాటలతో పని లేకుండా. బావకు సంతోషమేసింది. ఇంటికొచ్చి ఆ ముసలాయన వేలు ఎత్తిన తీరు అక్కకు చేసి చూపించాడు.

ఇస్త్రీ హాలు అలా లేదు. పైన రేకులు, కింద సిమెంటు, చుట్టూ ఉత్త గోడలు. వరసగా బల్లలు, బల్లబల్లకూ పైపుతో వేలాడే ఆవిరి ఇస్త్రీ పెట్టె, బల్ల కింద గాలి పీల్చే ఫ్యాను. ఒకరు పెట్టె నొక్కితే బుస్సుమంటుంది, అందరూ నొక్కుతుంటే ఆ బుస ఆగేదే లేదు. నూలు పోగులు గొంతులోకి పోకుండా ఆడవాళ్ళందరూ నోటికి గుడ్డ కట్టుకుంటారు. పెదాలు చూసి మాట తెలుసుకునే మనిషికి అంతకన్నా చీకటి గది ఉండదు.

ఆ హాలులో మొదటి బల్ల దగ్గరుండే ఆమెను ఆవిరమ్మ అంటారు. వయసులోనూ పనిలోనూ అందరికీ పెద్ద. పక్క బల్ల దగ్గర ఆమె తోడికోడలు, చిన్న వయసు, ఆవిరమ్మే పనిలో పెట్టించింది. మొదటిరోజు బావ ఏదో అడిగితే ఆవిరమ్మ గుడ్డలోంచే జవాబు చెప్పింది. ఆయన ఆమె కళ్ళ వంక చూస్తూ నిలబడిపోయాడు. ఒక్క క్షణం ఆమె ఆయన్ను పరకాయించి చూసి, నోటి గుడ్డ గడ్డం కిందికి లాగి, అదే మాట మళ్ళీ మెల్లగా చెప్పింది. ఆనాటి నుంచి ఆయన దగ్గరికొస్తే చాలు, గుడ్డ కిందికి దిగేది. ఎందుకని అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కులో టీ మూతలో పోసి ఆయనకు ఇచ్చి, తాను మిగిలింది గ్లాసులో తాగేది.

"ఆ మూత మా తోడికోడలిదన్నయ్యా. నువ్వొచ్చాక దానికి గ్లాసు లేకుండా పోయింది. నీ పని తొందరగా కానిచ్చి దాని మూత దానికిచ్చెయ్యి" అనేది.

మొదటి పరీక్ష రోజు స్పీకర్లు మాట్లాడి ఆగాయి.

"ఏం చెప్పింది చెల్లెమ్మా?"

"ఏదో అరిచిందన్నయ్యా. డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు. ఏమే, నీకేమైనా తెలిసిందా?"

"నాకు తలనొప్పి తెలిసింది" అంది తోడికోడలు.

ప్రతి స్పీకరులోనూ గొంతు పెంచడానికీ తగ్గించడానికీ చిన్న ఏర్పాటు ఉంటుంది. బావ నిచ్చెన ఎక్కి అన్నిటికీ గొంతు పెంచాడు. రెండో పరీక్ష ఇంకా పాడైంది. ఉత్త గోడల గదిలో గొంతు పెంచితే, ముందు చెప్పిన మాట రేకులకు కొట్టుకుని తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడుతుంది. చేయాల్సింది పెద్ద గొంతు కాదు, చిన్న గొంతులు ఎక్కువ చేసి, మనుషులకు దగ్గరగా, కిందికి దించి పెట్టడం. ఈ సంగతి బావకూ తెలుసు, ఇంజనీరమ్మకూ తెలుసు. అంతకుముందు ఒక సెలవురోజు ఇస్త్రీ పెట్టెలు ఆపి ఉన్నప్పుడు ఆమె శబ్దం కొలిచే మీటరుతో చూస్తే బాగానే వచ్చింది. పని జరుగుతుండగా ఎలా ఉందో చూసి చెప్పమని బావకు అప్పగించింది. ఆయన ఇంటి నుంచి ఫోనులో రెండు పరీక్షల సంగతీ చెప్పగానే ఇంకో రెండు స్పీకర్లు పంపుతానంది.

"ఉన్నవి కిందికి దించండి, ఈలోగా అవి వస్తాయి. నన్ను రమ్మంటారా మైకన్నా?"

ఫోను అక్క చేతిలో ఉంది. ఆ మాట ఆయనకు చెప్పి, రమ్మనమన్నట్టు తల ఊపింది. ఆయన అడ్డంగా ఊపాడు. ఇంజనీరమ్మ వస్తే పక్కన నిలబడి, మీ చెవికి ఎలా ఉంది అని అడుగుతుంది. అప్పుడేం చెబుతాడు?

"వద్దు మేడమ్, నేను చూసుకుంటాను."

చూసుకున్నాడు. ఉన్న స్పీకర్లన్నీ విప్పి, కొత్త తీగ లాగి, బల్లల మీదికి దించాడు. నిచ్చెన వేయాలంటే ఇద్దరు ముగ్గురు పని ఆపి బల్ల జరపాలి. బల్ల జరిగినప్పుడల్లా సూపర్వైజరు తలుపులోంచి కేకలు. "ఇక్కడ పని జరుగుతోందా, పాటకచేరీ జరుగుతోందా?" ఆడవాళ్ళు విసుక్కోకుండా బల్లలు జరిపారు. దూలం వెంబడి తీగ లాగుతుండగా బావ చెయ్యి ఆవిరి గొట్టానికి తగిలింది. మణికట్టు నుంచి మోచేతి దాకా తోలు లేచిపోయింది. ఆయన అరవలేదు. కిందికి దిగి, చెయ్యి వెనక దాచుకుని, ఇంకో చేత్తో స్క్రూడ్రైవరు వెతుక్కుంటున్నాడు. ఆవిరమ్మ వచ్చి ఆ చెయ్యి లాక్కుని తడిగుడ్డ చుట్టింది.

"ఇక చాల్లే అన్నయ్యా. మేం చచ్చేలోగా నువ్వు చచ్చేట్టున్నావు."

"ఇదొక్కసారి చెల్లెమ్మా. ఇప్పుడు బాగుంటుంది."

మూడో పరీక్ష అప్పుడు జరిగింది. పెట్టెలు బుసకొడుతూనే ఉన్నాయి. గొంతు వచ్చింది, ఆగింది. బావ నిచ్చెన అడుగు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడే ఓపిక లేదు. ఎప్పుడూ అడిగే ప్రశ్న ఆ రోజు ఆయన నోటికి రాలేదు.

"వినిపించిందా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు ఎవరైనా అవుననే అంటారు. హాలంతా ఆవిరమ్మ వంక చూసింది. ఆమె ఆ తడిగుడ్డ వంక చూసింది. నోటి గుడ్డ కిందికి లాగి, ఆయనకు బాగా కనపడేటట్టు నవ్వుతూ చెప్పింది.

"వినిపించింది అన్నయ్యా. ప్రతి మాటా."

తోడికోడలు తల ఊపింది. పక్కవాళ్ళు ఊపారు. అందరి కళ్ళలోనూ నవ్వు కనిపించింది ఆయనకు. ఇన్నేళ్ళుగా మొహాలు చదివి బతికిన మనిషి, ఆ నవ్వును సరిగ్గానే చదివాడు. అది ఆయన మీద జాలి. అయినా దాన్ని జవాబు అనుకున్నాడు. అనుకోవాలనే ఉండింది ఆయనకు.

తర్వాత వచ్చిన రెండు స్పీకర్లు డబ్బా విప్పకుండా స్టోరుకు వెళ్ళాయి. బావ స్పీకర్ల పెట్టె తలుపు మూసి, కట్టు కట్టిన చేత్తోనే దాన్ని తాకి మొక్కుకున్నాడు. ఆవిరమ్మ తోడికోడలికి టీ మూత తిరిగిచ్చాడు. "దక్కింది, మహాప్రభో" అందట ఆ పిల్ల.

పెద్ద ఆర్డరు ఇంకా వెళ్ళలేదు. ఒక మధ్యాహ్నం, భోజనాలై అందరూ మళ్ళీ పనిలో కూర్చున్నాక, గోదాములో నిప్పు పుట్టింది.

స్పీకర్లు మాట్లాడాయి. ఎక్కడా తీగ తెగలేదు, ముడి ఊడలేదు. కుట్టు హాళ్ళలో వాళ్ళు మిషన్లు ఆపి, తిట్టుకుంటూ, ఒకరి వెనక ఒకరు వెనక మెట్లు దిగి పెరట్లోకి వచ్చారు. వేలు ఎత్తి తలుపు చూపించిన ముసలాయన్ను ఇద్దరు ఆడవాళ్ళు రెండు వైపులా పట్టుకుని దింపారు. అంత పొగలో ఆ మెట్ల మీద ఎవరూ ఎవరినీ తొక్కలేదని చెప్పుకున్నారు. ఇలాంటివి కూడా రాసి పెట్టాలి.

పైన ఇస్త్రీ హాలులో పెద్ద గొంతు ఒకటి వచ్చింది. గోడలకు కొట్టుకుని, రేకులకు కొట్టుకుని, మీద మీద పడుతూ వచ్చింది. ఏదో ప్రమాదమని అందరికీ తెలిసింది. ఎటు పోవాలో ఒక్కరికీ తెలియలేదు. ఆ కాసేపు ఆ హాలులో ఉన్నవాళ్ళందరివీ మా బావ చెవులే.

తెలియనప్పుడు మనిషి తెలిసిన దారినే పోతాడు. అందరూ ముందు మెట్ల వైపు పరుగెత్తారు. ఆవిరమ్మ తోడికోడల్ని ముందుకు తోసి "నువ్వు నడు, నేను వీళ్ళను పంపించి వస్తా" అంది. సగం మెట్లు దిగేసరికి కింద నుంచి నల్లటి పొగ పైకి వచ్చింది. వెనకున్నవాళ్ళు తిరిగి పైకి పరుగెత్తి, పెరట్లోంచి వినిపిస్తున్న కేకలు పట్టుకుని వెనక మెట్లు కనుక్కున్నారు. ముందున్న ముగ్గురు తిరిగి రాలేదు. వాళ్ళలో తోడికోడలు ఒకతె. ఆమె కోసం పొగలోకి దిగిన ఆవిరమ్మను ఫైరువాళ్ళు మోసుకొచ్చారు.

కబురు తెలిసి బావా అక్కా వెళ్ళేసరికి మంట ఆరిపోయింది. గేటు బయట మసిపట్టిన ఫైరు మనిషి ఒకాయన నీళ్ళు తాగుతూ ఎవరితోనో చెబుతున్నాడు. "మేం లోపలికి పోయినప్పుడు కూడా ఆ గొంతు మాట్లాడుతూనే ఉంది. అంత మంటలో! ఎవరు వేశారో గాని మంచి పనివాడు."

అక్క ఆ మాట బావకు చెప్పింది, చెబితే కాస్త ఊరట అని. ఆయన గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయాడు.

ఆ తర్వాత ఆయన నోట ఒకటే ప్రశ్న. "పైవాళ్ళు ముందు మెట్లకు ఎందుకు పోయారు?" కంగారులో పోయి ఉంటారు అన్నారు అందరూ. నేనూ అదే అన్నాను. ఇంజనీరమ్మ కూడా ఫోనులో, "మీరు పరీక్ష చేశారు కదా మైకన్నా, వాళ్ళకు వినిపించింది కదా. పొగలో మనిషికి బుర్ర పనిచేయదు" అంది. మేం ఎంత ఓదారిస్తే ఆయన అంత ముడుచుకుపోయాడు. పళ్ళెం ముందు కూర్చుని కలిపిన ముద్ద అలాగే పెట్టి లేచిపోయేవాడు. వాళ్ళకు మాట తెలిసి కూడా అటు పోయారా, తెలియకే పోయారా? ఆ సంగతి చెప్పగలిగింది ఒక్క ఆవిరమ్మ. ఆమె ఆస్పత్రిలో ఉంది, గొంతు కాలిపోయింది.

మనుషులను చూడనిస్తున్నారని తెలిసిన రోజున ముగ్గురం వెళ్ళాం. నేను తలుపు దగ్గరే ఆగాను. ఆవిరమ్మ మంచం కిటికీ పక్కన ఉంది. ముక్కూ నోరూ కప్పి ఆక్సిజన్ మాస్కు. బావను చూడగానే ఆమె చెయ్యి పైకి లేచింది. మాస్కు పట్టుకుని గడ్డం కిందికి లాగబోయింది, ఎప్పుడూ గుడ్డ లాగినట్టే. నర్సు పరుగున వచ్చి ఆ చేతిని మెల్లగా దించింది.

"తియ్యకూడదమ్మా. అలాగే చెప్పు, నేను చెవి పెడతాగా" అంది ఆ నర్సు, కన్నకూతురిలా.

"నేను పెడతానమ్మా, మా మనిషే" అంది అక్క.

అక్క వంగి మాస్కుకు చెవి ఆనించింది. లోపల ఆవిరి కమ్మి పోతోంది, కమ్మి పోతోంది. మాటో ఊపిరో నాకు తెలియలేదు. బావ మంచం ఇవతల నిలబడి, పెదాలు కనపడని ఆ మాస్కు వంకే చూస్తున్నాడు. చాలాసేపటికి అక్క నడుము ఎత్తింది. ఆమె మొహం పాలిపోయింది.

"ఏం చెప్పింది?" అన్నాడు బావ.

అక్క నోరు తెరిచి మూసింది. ఆమె ఏం చేయబోయిందో నాకు తెలుసు, తర్వాత తానే ఒప్పుకుంది. 'కంగారులో అటు పోయాం, నీ తప్పేం లేదు అంటోందండీ' అని చెబుదామనుకుంది. ఆ ఒక్క మాటతో ఆయన ఇంటికొచ్చి అన్నం తినేవాడు. ఇన్నేళ్ళూ ఎవరి మాటనైనా ఆయనకు నొప్పి కలగకుండా మలిచి అందించిన మనిషికి అదేం కష్టం?

బావ ఆమె కళ్ళలోకి చూశాడు. "నువ్వూ వద్దే" అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు చెప్పు."

అక్క ఆయన మోచెయ్యి తాకింది. మొహం కిటికీ వెలుతురు వైపు తిప్పుకుంది. ఒక్కో మాటా విడిగా చెప్పింది.

"వినిపించలేదట. ఆ రోజూ వినిపించలేదట, మంటలప్పుడూ వినిపించలేదట. మీ చెయ్యి చూసి, మళ్ళీ నిచ్చెన ఎక్కుతారని, అలా చెప్పిందట. పిల్లను నేనే ముందు తోశాను అంటోంది. తన తోడికోడలికి తానే..." అక్క ఆగింది. "అంతే చెప్పిందండీ."

బావ మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిరమ్మ కళ్ళ నుంచి నీళ్ళు మాస్కు అంచు దాకా జారి అక్కడ ఆగుతున్నాయి. ఆయన కాలిన మచ్చ ఉన్న చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నాకూ వినపడలేదు చెల్లెమ్మా" అన్నాడు. "నాకెప్పుడూ వినపడదు. నీకు తెలుసు కదా. నేనే ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకెవరైనా వచ్చి విని ఉండేవాళ్ళు."

ఆవిరమ్మ కళ్ళు మూసుకుంది. చెయ్యి వదల్లేదు. నర్సు వచ్చి ఇక చాలని సైగ చేసి, వాళ్ళిద్దరినీ చూసి, ఇంకో మంచం వైపు వెళ్ళిపోయింది.

బయటికొచ్చాక వరండాలో బల్ల మీద కూర్చుని బావ ఫోను తియ్యమన్నాడు. అక్క ఇంజనీరమ్మకు కలిపి ఆయన నోటి దగ్గర పట్టుకుంది. ఆయన తడబడలేదు, చెప్పాల్సింది వరసగా చెప్పాడు. తన చెవులకు మాట తెలియదని, ఎన్నో ఏళ్ళుగా తెలియదని. ఇస్త్రీ హాలులో మూడో పరీక్ష తాను చేయలేదని, వాళ్ళు జాలిపడి చెప్పింది పట్టుకుని వచ్చేశానని. ఆ ముగ్గురి ఇళ్ళవాళ్ళకూ, ఎవరు విచారణకొస్తే వాళ్ళకూ ఇదే చెబుతానని. తాను బిగించిన మిగతా భవనాలన్నిటిలోనూ చెవులున్నవాళ్ళ చేత మళ్ళీ పరీక్ష చేయించమని.

చెప్పడం అయిపోయాక అక్క ఫోను తన చెవికి పెట్టుకుంది.

వరండాలో ఎవరో స్ట్రెచరు తోసుకుంటూ పోయారు. బావ అక్క పెదాల వంక చూస్తూ ఎదురుచూశాడు.

"ఏం చెప్పింది?" అన్నాడు.

"ఇంకా ఏమీ చెప్పలేదండీ" అంది అక్క.